ఎడమ కంటి మచ్చ

ఈ ఏడు మార్గశిరం సగం కాకముందే మా ఇంట్లో కొబ్బరినూనె గడ్డకట్టింది. నా భార్య ఆ సీసాను వేడినీళ్ల చెంబులో నిలబెట్టి తన పనిమీద వెళ్లిపోయింది. సీసా గోడల వెంట ముందు సన్నని తేట ఏర్పడింది. తరువాత లోపలి తెల్లని ముద్ద పట్టు వదిలి, పక్కకు ఒరిగి, నెమ్మదిగా కరిగింది. నేను పళ్లు తోముకుంటూ దాన్నే చూస్తూ నిలబడిపోయాను. "రెప్ప వేయండి" అని ఎవరో అన్నట్టయింది. అనేవారు అక్కడ ఎవరూ లేరు. ఆ మాట అనే మనిషి ఆషాఢంలోనే పోయారు.

ఆవిడ అమలాపురంలో ఆప్టోమెట్రిస్టు. మెయిన్ రోడ్డు మీద ఒక ఎరువుల కొట్టుకు పై అంతస్తులో రెండు గదులు అద్దెకు తీసుకుని చూపు పరీక్షించేవారు, కాంటాక్టు లెన్సులు అమర్చేవారు, పొడిబారిన కళ్లకు వైద్యం కాని వైద్యం చేసేవారు. ఈ చివరి మాట నాది కాదు, ఆవిడదే. మెట్లెక్కి వచ్చినవారు "డాక్టరమ్మ గారూ" అని పిలిస్తే ఆవిడ వెంటనే దిద్దేవారు.

"డాక్టర్ని కాదండి. కోసేవారు, కుట్టేవారు కాకినాడలో ఉన్నారు. నేను కొలిచేదాన్ని."

కొలవడం నా వృత్తి కూడా. కాలువల శాఖలో నీటి మట్టాలు చదివి రాయడం నా పని. పి.గన్నవరం అక్విడక్టు దగ్గర మొదలుపెట్టి లాకుల వెంట తిరిగి, సాయంత్రానికి ఆ అంకెలను కంప్యూటరులో ఎక్కిస్తాను. నాలుగేళ్ల క్రితం ఒక వేసవిలో నా కళ్లలో ఇసుక పోసినట్టు ఉండడం మొదలైంది. మంట, ఎరుపు, దానితోపాటు ధారగా నీరు. ఆవిడ పరీక్షించి, కళ్లు పొడిబారాయన్నారు. నేను ఒప్పుకోలేదు. చొక్కా తడిసేంత నీరు కారుతుంటే పొడి ఎలా అవుతుందని అడిగాను.

"మీదే శాఖండి?"

చెప్పాను.

"మరి మీకు చెప్పక్కర్లేదు. కాలవ పొంగి గట్టు దాటి పోయిందనుకోండి. చేలో నీరు నిలిచినట్టా అండి?"

నిలవనట్టేనన్నాను. అప్పుడు లేచి, గదిలో ఉన్న చిన్న ఫ్రిజ్ తెరిచి, వేలెడంత సీసా తీసి నా ముందు పెట్టారు. అందులో కొబ్బరినూనె గడ్డకట్టి ఉంది. ఏ కాలంలోనైనా చూపడానికి వీలుగా ఆవిడ దాన్ని ఎప్పుడూ చల్లగా ఉంచేవారు. రెప్పల అంచున వరసగా సన్నని నూనె గ్రంథులు ఉంటాయనీ, రెప్ప వేసినప్పుడల్లా అవి కంటి తడిమీద పలుచని నూనె పొర పరుస్తాయనీ, ఆ పొర ఉంటేనే తడి ఆరకుండా నిలుస్తుందనీ చెప్పారు. నా గ్రంథుల్లో నూనె ఆ సీసాలో ఉన్నట్టు గడ్డకట్టిందట. స్టీలు గ్లాసులో వేడినీళ్లు పోసి, సీసాను అందులో దించి, కరిగేవరకు ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం. ఈ ప్రదర్శనను తరువాత నేను చాలాసార్లు విన్నాను. ఒక్కసారి కూడా ఆవిడ దాన్ని తొందరపెట్టలేదు.

తడి ఎంతసేపు నిలుస్తుందో కొలవడానికి ఒక పద్ధతి ఉంది. పసుపు రంగు అద్దిన కాగితం ముక్కను కంటికి తాకించి, గడ్డం ఆనించి కూర్చునే యంత్రంలోంచి నీలం వెలుగులో చూస్తూ, రెప్ప వేయవద్దని చెప్పి సెకన్లు లెక్కపెడతారు. రంగు పొర ఎక్కడ చిట్లితే అక్కడ ఆపాలి. పైకే లెక్కపెట్టేవారావిడ. నాది నాలుగు దగ్గర చిట్లింది. ఆనాటి నుంచి నన్ను "నాలుగు సెకన్లు గారు" అని పిలిచేవారు. పేరు అడగలేదు. మరొకరు "మూడు గారు", ఇంకొక బ్యాంకు ఉద్యోగిని "ఆరు గారు". ఆ మెట్లమీద ఎదురైనప్పుడు మేమూ ఒకరినొకరం అలాగే పలకరించుకునేవాళ్లం.

మనిషిని వర్ణించమంటే నా దగ్గర ఉన్నది తక్కువే. యాభై దాటిన వయసు. నేత చీర, పిన్నుపెట్టి బిగించిన పైట, అద్దం లోపలి వైపుకు తిప్పి కట్టిన చేతి గడియారం, లావైన కళ్లజోడు. గోళ్లను మాంసం దాకా కత్తిరించుకునేవారు. లెన్సులకోసం వచ్చినవారిని కూడా ముందుగా గోళ్లే చూపించమనేవారు. రంగులు వేసుకున్న పొడుగాటి గోళ్లతో వచ్చిన ఒక అమ్మాయిని "రెండిట్లో ఏది కావాలో ఇంటికెళ్లి ఆలోచించుకురామ్మా" అని పంపేశారు. ఆ అమ్మాయి మరునాడు గోళ్లు కత్తిరించుకుని వచ్చింది. అప్పుడు చేతులు సబ్బుతో కడిగించి, పొడి తువ్వాలుతో తుడిపించి, ఒక్కొక్క వేలూ తడిమి చూశారు.

"ఈ సీమలో తడిలేని చెయ్యి దొరకడం కష్టమమ్మా. కాలవకీ చెరువుకీ నూతికీ మధ్యన బతుకుతాం. లెన్సుకి మాత్రం ఏ నీరూ తగలకూడదు. నేనిచ్చిన మందు తప్ప."

అంతకంటే ఎక్కువగా ఆవిడను నేను చూడలేదనే చెప్పాలి. ఎందుకంటే నాకు విధించిన చికిత్స, వేడి గింజల సంచిని మూసిన కళ్లమీద పెట్టుకుని పది నిమిషాలు కూర్చోవడం. ఇంట్లో నేను సరిగా చేయడం లేదని అనుమానించి, నెలకోసారి తన ఎదుట చేయించేవారు. కిటికీ పక్కన పేము కుర్చీలో నేను గుడ్డివాడిలా కూర్చుంటే ఆవిడ తన పని తాను చేసుకునేవారు. కనుక ఆవిడ నాకు ప్రధానంగా ఒక గొంతు. ఆ గొంతు ఫోను చూసుకుంటున్న ప్రతి మనిషికీ "రెప్ప" అని గుర్తుచేసేది. రోడ్డు మీద కూడా అంతే. మెట్ల కింద కొబ్బరిబొండాలమ్మే ఆయన ఒకసారి నాతో, "బేరం కంటే రెప్పలే ఎక్కువ అడుగుతారండి ఆవిడ" అన్నాడు.

ఆవిడ ఎడమ కంటి నల్లగుడ్డు మీద ఒక మచ్చ ఉండేది. కళ్లజోడు వల్ల పైకి అంతగా తెలిసేది కాదు. తెలిసేలా చేసేది ఆవిడే. మాట వినని వారు వచ్చినప్పుడు, తాను లేచి వెళ్లి రోగి స్థానంలో కూర్చుని, కళ్లజోడు తీసి, గడ్డం యంత్రానికి ఆనించి, వారిని తన కుర్చీలో కూర్చోబెట్టి తన కన్ను చూడమనేవారు.

మొదటిసారి నేను ఈ సంగతి విన్నది కొత్తపేట నుంచి వచ్చిన ఒక టీచరు గారి విషయంలో. ఆ టీచరు గారు లెన్సులు తీయకుండానే నిద్రపోతారట.

"రోజూ కాదండి. ఎప్పుడైనా పేపర్లు దిద్ది దిద్ది, అలా ఒరిగిపోతాను."

"ఇలా రండి. ఇక్కడ కూర్చోండి. ఆ పిడి తిప్పండి. ఏం కనిపిస్తోంది?"

"అయ్యబాబోయ్. తెల్లగా, సున్నం అంటినట్టుందండి."

"హైదరాబాదు రైల్లోనండి. లెన్సులు తియ్యడానికి బద్ధకించి నిద్రపోయేను. తెల్లారేసరికి రెప్ప తెరవలేకపోయేను. ఆ ఒక్క రాత్రిదే ఇది."

టీచరు గారు వెళ్లేటప్పుడు చెప్పులు తొడుక్కుంటూ "ఆయ్, వస్తానండి" అన్న గొంతు వచ్చినప్పటి గొంతు కాదు.

రెండోసారి సంగతి వివరంగా చెప్పాలి. ఉప్పలగుప్తం వైపు నుంచి ఒక కుర్రవాడు వచ్చేవాడు. పాతికేళ్లుంటాయి. రొయ్యల చెరువుల మీద పని. అతని నల్లగుడ్డు ముందుండే పారదర్శకమైన పొర గుండ్రంగా ఉండవలసింది, ముందుకు మొనదేలుతూ వచ్చింది. అటువంటి కంటికి కళ్లజోడు పనిచేయదు. గట్టి రకం లెన్సు ఒక్కటే ఆ మొనను కప్పి చూపును సరిచేయగలదు. ఉప్పుగాలిలో తిరిగే కళ్లు కనుక పొడి కూడా ఎక్కువే. ముందు దాన్ని తగ్గించి, తరువాత ఒకటి తీసి మరొకటి పెట్టి చూస్తూ, కుదిరేవరకు ఆవిడ అతన్ని తిప్పారు. కుదిరిననాడు నేను కళ్లు మూసుకుని కుర్చీలోనే ఉన్నాను. అతను కిటికీ దగ్గరికి, అంటే నా పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"మేడం గారండీ, ఆ కొబ్బరికాయల లారీ నంబరు కనిపిస్తోందండి."

"చదవండి."

చదివాడు. ఆవిడ కూడా కిటికీ దగ్గరికి వచ్చి సరిచూసినట్టున్నారు. "ఆయ్" అని మాత్రం అన్నారు.

ఆ చూపుతో అతనికి అవసరం ఉంది. కువైట్‌లో ఒక ఇంటి డ్రైవరు పనికి వీసా వచ్చింది. అక్కడ దిగిన తరువాత చూపు పరీక్ష, డ్రైవింగు పరీక్ష ఉంటాయి. లెన్సులు లేకుండా వాటిలో నెగ్గడం అసాధ్యం.

ప్రయాణానికి రెండు రోజుల ముందు, నేను కళ్లమీద సంచితో కుర్చీలో ఉండగా, తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. కుడి కన్ను ఎర్రబడిందట.

"ఇసక పడిందండి. చుక్కల మందేదైనా చెప్పేయండి. ఎల్లుండి ఫ్లైటు."

"ఆ లెన్సుల డబ్బీ ఇలా ఇచ్చి, గడ్డం ఆన్చండి." కొంతసేపు యంత్రం పిడి తిరిగిన చప్పుడు. "లెన్సులు దేంతో కడిగేరు?"

"మీరిచ్చిన మందుతోనేనండి."

"రోజూనా?"

"రోజూనండి. మొన్నొక్కరోజు చెరువు మీద ఉండిపోయేనండి. సీసా ఇంటికాడ ఉండిపోయింది. మీరు నీళ్లు తగలకూడదన్నారు కదండీ. బోరు నీళ్లు ముట్టుకోలేదండి. కాలవ నీళ్లూ ముట్టుకోలేదు. లేత బొండం కొట్టి, ఆ నీళ్లతో కడిగి పెట్టుకున్నానండి."

అతను ఆ మాటను తప్పు ఒప్పుకుంటున్నట్టు చెప్పలేదు. జాగ్రత్తపడినవాడి గొంతుతో చెప్పాడు. తల్లి కూడా బలపరిచింది.

"బొండం నీళ్లేనమ్మా. ఎండల్లో కళ్లు మండితే మా అమ్మ వాటితోనే కడిగేది. కత్తి తగిలేదాకా లోపలికి చీమ కూడా ఎల్లదు."

"లోపల శుభ్రమేనండి. కొట్టిన కత్తి మాటేంటి? పట్టుకున్న చెయ్యి మాటేంటి? అందులో తీపి ఉంది. మనకెంత రుచో పురుక్కీ అంతే రుచి." ఆవిడ గొంతు హెచ్చలేదు. "నల్లగుడ్డు అంచున తెల్లచుక్క లేస్తోంది. ఈ పూటే కాకినాడ వెళ్లాలి. అక్కడి డాక్టరు గారికి ఫోను చేస్తాను."

"కాకినాడెళ్తే ఎప్పుడొదులుతారమ్మా? ఫ్లైటు పోద్ది."

"పోతుందండి."

"అక్కడికెళ్లేక చూపించుకుంటాడు. చుక్కలేసుకుంటా ఎల్తాడు. ఆ లెన్సులిలా ఇప్పించండి."

"ఇవ్వనండి."

"మావి మాకివ్వరా?"

కుర్రవాడు కల్పించుకున్నాడు.

"అమ్మా, నువ్వుండు. మేడం గారండీ, టెస్టయ్యేదాకానేనండి. పాసయిన మర్నాడే తీసేస్తాను. ఒట్టండి. ఈ వీసా పోతే మళ్లీ ఎప్పుడొస్తుందో తెలీదండి."

కుర్చీ జరిగిన చప్పుడైంది. నేను నియమం తప్పి కళ్లమీది సంచి ఎత్తాను. ఆవిడ అప్పటికే ఇటువైపుకు వచ్చి, కళ్లజోడు బల్లమీద పెట్టి, గడ్డం ఆనించి కూర్చున్నారు. లెన్సుల డబ్బీ ఎడమ చేతి గుప్పిట్లో ఉంది. కుర్రవాడు ఎర్రబడని కంటిని యంత్రానికి దగ్గరగా పెట్టి పిడి తిప్పుతున్నాడు.

"ఏం కనిపిస్తోందండి?"

"మబ్బులాగుందండి."

"నేను కాలేజీ సెలవులకి ఇంటికొచ్చినప్పటిదండి ఇది. మందు సీసా హాస్టల్లో ఉండిపోయింది. నేనూ మీలాగే నూతినీళ్లు ముట్టుకోలేదు. మా మావయ్య చేత బొండం కొట్టించేను. ఎర్రబడితే ఇసకనుకుని నాలుగు రోజులు ఊరుకున్నాను. ఇప్పుడీ కంటితో మీ మొహం కనపడదండి. ఎవరో ఉన్నారని తెలుస్తుందంతే."

అతను యంత్రం దగ్గరినుంచి లేవలేదు. పిడిని కొంచెం అటు, కొంచెం ఇటు తిప్పుతూ ఆ మచ్చ అంచులన్నీ చూశాడు.

"ఒరే, ఏం కనిపిస్తందిరా?" అని తల్లి రెండుసార్లు అడిగింది.

అతను లేచి నిలబడి, "కాకినాడ బస్సు ఎన్నింటికుందండి?" అని ఆవిడను అడిగాడు. గుప్పిట్లో ఉన్న డబ్బీ వైపు చూడలేదు.

వారు మెట్లు దిగిన తరువాత ఆవిడ కళ్లజోడు తగిలించుకుని నావైపు తిరిగారు. "పది నిమిషాలు అవ్వలేదండి. మూసుకోండి."

ఆ ఫ్లైటు అతను లేకుండానే వెళ్లింది. వీసా అతని ఊరివాడే మరొకడికి దక్కింది. తల్లి కొంతకాలం ఆవిడను ఊళ్లో నోటికి వచ్చినట్టు అందని విన్నాను. కాకినాడలో మందులు నెల దాటి వేయవలసివచ్చింది. చుక్క అంచునే ఆగిపోయి, చూపుకు అడ్డం రాలేదు. మరుసటి ఏడు మరొక వీసా దొరికినప్పుడు ఆవిడే కొత్త లెన్సులు అమర్చి, నియమాలన్నీ అతనిచేత అప్పజెప్పించుకుని పంపించారు.

నన్ను ఇబ్బందిపెట్టిన విషయం వేరు. ఒక మచ్చకు రెండు కారణాలు ఉండడాన్ని నేను అంగీకరించలేను. ఒకే గేజి దగ్గర ఒకే వేళకు రెండు మట్టాలు రాసివుంటే వాటిలో ఒకటి తప్పు. మరుసటి నెల వెళ్లినప్పుడు, సంచి పెట్టకముందే అడిగాను.

"రైలా అండి, బొండమా?"

ఆవిడ అర్థం కానట్టు నటించలేదు. "మిమ్మల్ని కళ్లు మూసుకోమన్నాను. చెవులక్కూడా ఏదో ఒకటి పెట్టవలసింది."

"రెండూ నిజం కాలేవు కదండీ."

"మీ మట్టాలు మీరు జాగ్రత్తగా రాసుకోండి, నాలుగు సెకన్లు గారూ. నా కంటిని నాకొదిలెయ్యండి." సంచి కళ్లమీద పడింది. ఆ రోజు అది మామూలు కంటే వేడిగా ఉందని నాకు అనిపించింది, కానీ దానికి కొలత లేదు.

ఆ తరువాత నేను ఆ ప్రసక్తి తీసుకురాలేదు. ఆవిడపట్ల నా గౌరవం కొంత తగ్గిందని కూడా ఇక్కడ చెప్పాలి. గోళ్ల దగ్గర వెంట్రుకవాసి వదలని మనిషి ఇంత ముఖ్యమైన విషయంలో నిలకడ లేకుండా మాట్లాడడం నాకు నచ్చలేదు.

ఆషాఢంలో నా నెలవారీ తేదీకి వెళితే పైన తాళం ఉంది. ఎరువుల కొట్టాయన బయటకు వచ్చి, "రాత్రి నిద్రలోనే పోయేరండి. ముక్తేశ్వరం తీసుకెళ్లిపోయేరు" అన్నాడు. బొండాలాయన బండి ఆ రోజు లేదు.

పదకొండో రోజున ముక్తేశ్వరం వెళ్లాను. పుట్టింట్లో అక్కగారు ఉన్నారు. ఎవరండీ అంటే, కళ్లు చూపించుకునేవాడినని చెప్పాను. మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టారు. మాట మధ్యలో, అడగవలసిన సందర్భం కాదని తెలిసినా, అడిగాను.

"చెల్లెలు గారి ఎడమ కంటికి ఏమైందండి?"

"అదాండి. ఆరేళ్లప్పుడండి. ఇదిగో, ఈ పెరట్లోనే మా నాయనమ్మ కొబ్బరాకు చీరి చీపురు కడతా ఉంది. ఇది పక్కన కూర్చుని ఆడుకుంటోంది. ఈనె ఎగిరొచ్చి తగిలింది. మా నాన్నగారు తిప్పని ఊరు లేదు."

"లెన్సుల వల్ల కాదా అండి?"

"లెన్సా?" అక్కగారు మొదటిసారి నా మొహంవైపు సరిగ్గా చూశారు. "అది జన్మలో లెన్సు పెట్టుకోలేదండి."

తిరుగు బస్సులో నేను మిగిలినవి పరిశీలించుకున్నాను. గడ్డకట్టే నూనె నిజం. పొర చిట్లే సెకన్లు నిజం. చివరిసారి నావి ఏడు దాకా వచ్చాయి, అదీ నిజం. గోళ్లు, తడి, తీపి, కాకినాడ, అన్నీ సరిపోయాయి. నాలుగేళ్లలో ఆ గొంతు నేను వినగా చెప్పిన అబద్ధం ఆ ఒక్క మచ్చ గురించే. ఎవరు ఏ తప్పు చేసి వస్తే ఆ తప్పునే తన కంటికి అంటగట్టుకున్నారు.

నూనె సీసా కరిగిన ఆ వారంలోనే అమలాపురం బస్టాండులో ఒకతను నా ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"మీరు మేడం గారి దగ్గర కళ్లమీద సంచి పెట్టుకు కూర్చునేవారు కదండీ?"

కువైట్ కుర్రవాడు. ఒళ్లు చేశాడు. సెలవుమీద వచ్చాడట. చేతిలో ఖర్జూరాల పొట్లం ఉంది. మేడం గారికని తెచ్చి, పైకి వెళ్లి, తాళం చూసి, కింద అడిగి తెలుసుకుని వస్తున్నాడు. ఆ పొట్లం ఏం చేయాలో తెలియక ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకుంటున్నాడు.

"అక్కడ మా గదిలో ఒకడు పంపు నీళ్లతో లెన్సులు కడిగేవాడండి. మేడం గారి కన్ను సంగతి చెప్పేను. మానేసేడు. మా అమ్మే ఇంకా నమ్మదండి. బొండం నీళ్లకి కన్ను పోద్దా, నిన్ను ఆపడానికి చెప్పింది గాని, అంటది. నిన్న కూడా, మందు సీసా అయిపోయిందంటే బొండం కొట్టబోయింది. మీరా రోజు అక్కడే ఉన్నారు కదండీ. చాలాకాలం ఎరుగుదురు. ఆవిడ కన్ను నిజంగా దానికేనా అండి?"

నేను అతని కళ్లలోకి చూశాను. వెలుతురు పక్కనుంచి పడుతుండడంవల్ల రెండు లెన్సుల అంచులూ సన్నని గీతల్లా కనిపించాయి. కుడి కంటి అంచున చిన్న తెల్లచుక్క, అలాగే ఉంది. నా జవాబు కోసం రెప్ప వేయకుండా నిలబడ్డాడు.

"ఆయ్. బొండం నీళ్లకేనండి" అన్నాను. అది చాలదనిపించి, "కాలేజీ సెలవుల్లో. వాళ్ల మావయ్య కొట్టిచ్చేరు" అని కూడా చేర్చాను.